డాన్ మరియానో మనవాడు కాదు

కడపలో పుస్తకాలు చదివి నలుగురం కూచుని మాట్లాడుకునే మా మిత్రబృందం కొంతకాలంగా ఇటలీ డిటెక్టివ్ నవలలు చదువుతోంది. లెయొనార్దో షాషా రాసినవి, ఆంద్రేయా కమిల్లేరి రాసినవి, ఇంగ్లీషు అనువాదాల్లో. సిసిలీ దీవి, అక్కడి మాఫియా, పోలీసులు, రాజకీయ నాయకులు, ఊరి పెద్దమనుషులు. చదివినవాళ్ళలో లెక్చరర్లు ఉన్నారు, వకీళ్ళు ఉన్నారు, పోలీసు ఉద్యోగం చేసి రిటైరైనవాళ్ళు ఉన్నారు, కథలు రాసేవాళ్ళూ ఉన్నారు. దాదాపు అందరూ కలిసి తేల్చిన మాట ఒకటి ఉంది: "ఇది మన కతే అన్నా, పేర్లు మారిస్తే సరిపాయ." సిసిలీ అంటే సీమ, మాఫియా అంటే ఫ్యాక్షన్, డాన్ అంటే మన ఊరి పెద్దాయన. దాని వెంటే ఇంకో రెండు తీర్పులు వచ్చాయి. డాన్ మరియానో అరేనా అనే పాత్ర ఆ నవలలన్నిటికీ తలమానికమట. హంతకుడు తప్పించుకుపోయే డిటెక్టివ్ నవల పూర్తికాని నవలట.

మూడు తీర్పులూ తప్పే. ఇవి పదిమంది మిత్రుల ముచ్చట్లు మాత్రమే అయితే నేనింత రాయను. సీమను చూడకుండానే సీమ గురించి బయటివాళ్ళు పాతికేళ్ళుగా అనుకుంటున్నది ఇదే. సీమలో పుట్టి పెరిగిన చదువరులు కూడా దాన్నే నమ్మి, ఒక ఇటలీ రచయిత పుస్తకంలో దానికి ఋజువు వెతుక్కుంటున్నారు. ఆ పుస్తకంలో ఆ ఋజువు లేదు. మనకు పనికొచ్చేది వేరే ఒకటుంది, దాన్ని దాటుకుని వెళ్ళిపోయాం.

ముందు డాన్ మరియానో కనబడే షాషా నవలలో ఏముందో చూద్దాం. 1961లో వచ్చింది. ఇంగ్లీషులో ‘ద డే ఆఫ్ ది ఔల్’. ఇంకా సరిగ్గా తెల్లారకముందు ఊరి కూడలిలో పలెర్మోకు పోయే బస్సు కదలబోతుంటుంది. ముదురురంగు సూటు వేసుకున్న ఒక మనిషి బస్సు అందుకోవడానికి పరుగెత్తుకొస్తాడు. రెండు తుపాకి దెబ్బలు వినపడతాయి. ఎక్కబోయినవాడు ఎక్కబోతూనే కూలిపోతాడు. పోలీసులు వచ్చి విచారణ మొదలుపెట్టేలోపు బస్సులోని జనం ఒక్కొక్కరే దిగి జారుకుంటారు. రోజూ ఆ దారిన తిరిగే కండక్టరుకు ఎవరెవరు ఎక్కారో గుర్తుండదు. బస్సు పక్కనే నిలబడి తినుబండారాలు అమ్ముకునే మనిషిని వెతికి పట్టుకొస్తే, ఎవరైనా కాల్చారా అని అతనే ఎదురు అడుగుతాడు.

చచ్చిపోయింది ఎవరు? కొలస్బెర్నా. అతను డాన్ కాదు, ఇంకో డాన్‌కు పోటీదారూ కాదు. అన్నదమ్ములతో కలిసి చిన్న సహకార సంఘం పెట్టుకుని కట్టుబడి పనులు చేసుకునే కాంట్రాక్టరు. తోటి కాంట్రాక్టర్లు రక్షణ పేరుతో అడిగిన డబ్బు కడుతున్నారు, అతను కట్టనన్నాడు. అంతే అతని నేరం. చెట్లకు కొమ్మలు కత్తిరించి పొట్టపోసుకునే నికొలోసి అనే ఇంకో మనిషి ఆ ఉదయం పనికి పోతూ హంతకుణ్ణి చూశాడు. చూసినందుకు మాయమయ్యాడు. నికొలోసి భార్య భయపడుతూ భయపడుతూ, పోయేముందు మొగుడు చెప్పిన ఒక మారుపేరును పోలీసులకు చెప్పింది. ఆ పేరు పట్టుకుని, ఉత్తరాన పార్మా నుంచి వచ్చిన కెప్టెన్ బెల్లోది కిరాయి హంతకుడి దాకా, అక్కణ్ణుంచి మధ్యవర్తి దాకా, అక్కణ్ణుంచి డాన్ మరియానో దాకా పోతాడు. ఆ తర్వాత పై నుంచి ఒత్తిళ్ళు వస్తాయి. మర్యాదస్తులు కొందరు ముందుకొచ్చి, హత్య జరిగిన సమయానికి హంతకుడు ఇంకెక్కడో ఉన్నాడని సాక్ష్యం చెబుతారు. కేసు కూలిపోతుంది. సెలవు మీద పార్మాకు పోయిన బెల్లోది ఈ సంగతి పేపర్లలో చదువుకుంటాడు.

ఇప్పుడు మొదటి తీర్పు సంగతి. సిసిలీ మాఫియా ఒక వ్యాపారం. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి పెద్ద భూస్వాములు పట్నాల్లో కూచుని భూముల్ని గుత్తకిచ్చారు. గుత్తదారు కాపలాకు తుపాకి మనుషుల్ని పెట్టుకున్నాడు. పలెర్మో చుట్టుపక్కల నిమ్మతోటల్లో కాపలాకు డబ్బు, నీళ్ళకు డబ్బు, కాయ బండికెక్కి రేవు చేరడానికి డబ్బు. వాళ్ళు అమ్మిన సరుకు రక్షణ. కొనక తప్పని భయాన్ని పుట్టించిందీ వాళ్ళే. సామాజిక శాస్త్రవేత్త దియేగో గంబెత్తా 1993లో అచ్చయిన తన పుస్తకంలో మాఫియాను ప్రైవేటుగా రక్షణ అమ్మే పరిశ్రమగానే వివరించాడు. ఆ సంస్థలో చేరికకు ఒక తంతు ఉంటుంది. ఎవరు సభ్యులో బయటి ప్రపంచానికి తెలియదు. తెలియకపోవడమే దాని బలం.

సీమ కక్షలు ఇట్లా పుట్టలేదు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేసేనాటికి ఇక్కడ ఎనభైమంది దాకా పాలెగాళ్ళు ఉన్నారు. ఊళ్ళ నుంచి కావలి రుసుం వసూలు చేసుకునేవాళ్ళు. సిసిలీతో పోలిక పెట్టితీరాలంటే ఆ కావలి రుసుం దగ్గర పెట్టవచ్చు, ఒప్పుకుంటాను. థామస్ మన్రో వాళ్ళను అణిచాడు, కొందరికి పింఛన్లిచ్చి కూచోబెట్టాడు, రైత్వారీ వచ్చింది. ఆ తర్వాతి కాలంలో ఊళ్ళలో తలెత్తిన ‘పార్టీలు’ సరుకు అమ్మడానికి తలెత్తలేదు, పెత్తనం కోసం తలెత్తాయి. సావిడిలో ఎవరి మాట చెల్లాలి, చెరువు తూము ఎవరు చెబితే తెరవాలి, తిరునాళ్ళలో ఎవరి బండి ముందు నడవాలి. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక సర్పంచి పదవి, సమితి ప్రెసిడెంటు పదవి ఈ పోటీకి పెద్ద బహుమానాలయ్యాయి. ఊరు రెండుగా చీలుతుంది. మధ్యలో నిలబడడానికి చోటు ఉండదు. ఎవరింట్లో పెళ్ళికి పోయినావన్నదాన్ని బట్టే నువ్వే పార్టీయో తేలిపోతుంది. సిసిలీ మాఫియావాడు తాను మాఫియా అని ఒప్పుకోడు. సీమలో పార్టీ మనిషి తానెవరి మనిషో పదిమందిలో చెప్పుకుని తిరుగుతాడు. ఒకటి రహస్యం మీద బతుకుతుంది, ఇంకొకటి బహిరంగ ప్రదర్శన మీద బతుకుతుంది. రెంటినీ ఒకటే అనడం చదువు కాదు.

ఈ తేడా నేరం జరిగిన తర్వాత మరీ స్పష్టంగా కనబడుతుంది. షాషా నవలలో పోలీసుకు ఒక్క పేరు దొరకడమే గగనం. ఒక్క మారుపేరు కోసం వెంపర్లాడాలి. సీమలో ఫ్యాక్షన్ హత్య జరిగితే పేర్లకు కొదవ ఉండదు. ఫిర్యాదులో ఎ-1 మొదలుకొని ఇరవై, ముప్పై మంది దాకా ఉంటారు. కొడవలి ఎత్తినవాడి పేరు ఉంటుంది. ఆ రోజు ఊళ్ళో లేనివాడి పేరు ఉంటుంది. ఎదుటి పార్టీలో ఖర్చుపెట్టగలవాడి పేరు, కోర్టుల చుట్టూ తిరిగితే చితికిపోయేవాడి పేరు, పట్నంలో చదువుకుంటున్న వాళ్ళ కొడుకు పేరు. ఈ అవకాశాన్ని పోనిస్తే మళ్ళీ రాదన్నట్టు రాయిస్తారు. కేసుకు కౌంటరు కేసు. అసలు నరికినవాణ్ణి పక్కకు తప్పించి, వాడి బదులు కేసు మీద వేసుకుని లొంగిపోయే మనుషులూ ఉంటారు. వాళ్ళ ఇంటి తిండి, పిల్లల ఫీజులు నాయకుడు చూసుకుంటాడు. ఏళ్ళు గడిచి విచారణ వచ్చేసరికి సాక్షుల మాటల్లో ఒక్క అబద్ధం బయటపడుతుంది, దాంతోపాటు నాలుగు నిజాలు కొట్టుకుపోతాయి. లేదంటే ఇరువైపుల పెద్దలు ఎక్కడో కూచుని రాజీ చేసుకుంటారు. హత్యకేసులో రాజీకి చట్టం ఒప్పుకోదు కాబట్టి ఆ రాజీ సాక్షుల నోటి మీదుగా అమలవుతుంది. మీవాళ్ళ మీద మావాళ్ళు చెప్పరు, మావాళ్ళ మీద మీవాళ్ళు చెప్పకూడదు. సాక్షి బోనెక్కి నాకేమీ తెలియదంటాడు.

కోర్టుల్లో జీవితం గడిపిన మా వకీలు మిత్రులకు ఇదంతా నాకంటే బాగా తెలుసు. అందుకే నా బాధ. సిసిలీలో నిజం మౌనం కింద పడి చస్తుంది. ఇక్కడ పేర్ల రద్దీలో తొక్కిసలాటకు చస్తుంది. ‘పేర్లు మారిస్తే సరిపాయ’ అన్న మాట ఇక్కడే విరిగిపోతుంది. మన కథలో పేర్లు మారిస్తే సరిపోదు. ఆ జాబితా నుంచి ఏ పేర్లు తీసేయాలో కనుక్కోవాలి. సీమలో నిజాయితీపరుడైన ఒక ఇన్‌స్పెక్టరును పెట్టి ఎవరైనా నవల రాస్తే అతని పని బెల్లోది పనికి తలకిందులుగా ఉంటుంది. అతను వెతకాల్సింది హంతకుణ్ణి ఒక్కణ్ణే కాదు, హంతకులు కాకున్నా ఆ జాబితాకెక్కిన మిగతావాళ్ళను కూడా.

దీనికి ఒక మిత్రుడు గట్టి జవాబే ఇచ్చారు. నువ్వు చెప్పే కక్షలు పాతకాలంవి, ఇప్పుడంతా కాంట్రాక్టులు, ఇసుక, గనులు, రియలెస్టేటు, ఇది మాఫియా కాకపోతే ఏమిటి అన్నారు. మంచి ప్రశ్న. పోలిక పెట్టదగిన చోటు అదే. మంగంపేట ముగ్గురాయి, ఎర్రగుంట్ల వైపు బండలు, సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ తిరిగే లారీలు, శేషాచలం ఎర్రచందనం. డబ్బు ఊరి చెరువు తూము దగ్గర లేదు, అక్కడుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షన్‌లో వ్యవస్థీకృత నేరానికి చెప్పిన వివరణలో బలవంతపు వసూళ్ళు, భూకబ్జా, కిరాయి హత్య అన్నీ ఉన్నాయి. చట్టం చూపు డబ్బు మీద పడుతోంది. మన చూపు మాత్రం ఇంకా కొడవలి మీదే ఉంది. రేపు ఒక చిన్న కాంట్రాక్టరు హత్యకు గురైతే ఊళ్ళో వినపడే మొదటి మాట, కడపటి మాట ఒకటే: పాత కక్షలు. తాతల నాటి తగాదా ఏదో ఒకటి ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. టెండరు ఎవరికి రావాల్సింది, ఎవరు విత్‌డ్రా చేసుకోమన్నారు, బిల్లు ఎవరు ఆపారు అన్నవి అడగకుండానే అందరికీ కారణం దొరికిపోతుంది.

షాషా నవలలో సరిగ్గా ఇదే జరుగుతుంది, మా బృందంలో ఎవరూ దీని గురించి మాట్లాడలేదు. బెల్లోది కట్టిన కేసు కూలాక, నికొలోసి చావుకు అధికారులు ఒక కారణం సిద్ధం చేస్తారు: అతని భార్యకు ప్రియుడున్నాడు, వాడే చంపాడు. ఆడమనిషి, పరువు, కోపం. సిసిలీ గురించి బయట చెలామణీలో ఉన్న కథ అదే కాబట్టి వెంటనే నమ్ముతారు. మాఫియాకు ఆ హత్యతో సంబంధం తెగిపోతుంది. ధైర్యం చేసి నిజం చెప్పిన మనిషి ఆ భార్య. ఆమెకు దక్కింది మొగుడి చావు, ఆ పైన లేని రంకు. సిసిలీలో ప్రేమ కక్ష చేసే పని మన దగ్గర పాత కక్ష చేస్తోంది. సీమ రక్తంలోనే పగ ఉందని మనమే మురిసిపోతూ చెప్పుకుంటే, లెక్కల పుస్తకంలో జరిగిన నేరాన్ని రక్తం ఖాతాలో వేసుకునేవాళ్ళకు మనమే దారి చూపిస్తున్నాం. సీమ అంటే ఫ్యాక్షన్, ఫ్యాక్షన్ అంటే మాఫియా అన్న సమీకరణం నాకు అందుకే ప్రమాదకరంగా కనిపిస్తుంది. అది పోలిక పేరుతో విచారణను ఆపేస్తుంది.

రెండో తీర్పు నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. డాన్ మరియానో గొప్ప పాత్ర అన్నారు. సరే, గొప్పగా రాసిన పాత్రే. విచారణ గదిలో అతను మనుషుల్ని ఐదు రకాలుగా విడదీసి, అట్టడుగున ఎవరో, పైన ఎవరో చెప్పి, బెల్లోదిని మాత్రం నిజమైన మనిషిగా ఒప్పుకుంటాడు. ఆ పేజీ చదివి మా వాళ్ళు పరవశించిపోయారు. ఒకాయన రెండుసార్లు పైకి చదివి వినిపించారు. "మాట మీద నిలబడేవాడబ్బా" అన్నారు ఇంకొకరు. అదే గదిలో, అదే సంభాషణలో, బెల్లోది ఆ పెద్దమనిషి ముందు బ్యాంకు లెక్కలు పరుస్తాడు. పన్నుకు చూపించిన ఆదాయం ఇంత, బ్యాంకుల్లో పడిన డబ్బు ఇంత, ఉన్న భూమి పండించగలిగింది ఇంత. మిగిలింది ఎక్కణ్ణుంచి వచ్చింది? కూతురు స్విట్జర్లాండులో ఖరీదైన చోట చదువుకుంటోంది. ఊళ్ళో మగతనం, పరువు, మాట అని చెప్పే మనిషి తన బిడ్డను మాత్రం ఆ ఊరి గాలి సోకని చోట పెంచుకుంటున్నాడు. ఈ భాగాన్ని ఎవరూ పైకి చదవలేదు.

సీమలో ఇది మనకు తెలియని సంగతా? నాయకుల పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో చదువుకుంటారు. బండి వెనక నిలబడినవాడి పిల్లలు ఊళ్ళోనే ఉంటారు, తండ్రి జైలుకు పోతే చదువు మానేస్తారు. కక్షల్లో చచ్చేవాళ్ళలో ఎక్కువమంది రెండెకరాల మెట్ట ఉన్న రైతులు, కూలీలు. విధవలైన ఆడవాళ్ళు అవతలి పార్టీలోనూ ఉంటారు, ఇవతలి పార్టీలోనూ ఉంటారు, ఒకే బావి దగ్గర నీళ్ళు తోడుకుంటారు. ఇవన్నీ తెలిసిన పాఠకులు డాన్ మరియానో దగ్గర ఆగిపోవడం ఎట్లా సాధ్యమైంది?

సినిమాల వల్లే అని నా నిశ్చితాభిప్రాయం. 1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’. వరసగా ఆడాయి. వాటిలో చాలామట్టుకు సీమ పెద్దాయన ధర్మమూర్తి, చేతిలో కొడవలి తప్పనిసరి పరిస్థితి. వెనక బండ్లలో వచ్చి గాలిలోకి లేచి పడేవాళ్ళకు పేర్లుండవు, ఇళ్ళుండవు, కోర్టు వాయిదాలుండవు. ఈ సినిమాలు సీమ పరువు తీశాయని మనం ఇరవై ఏళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నాం. అంతకంటే పెద్ద హాని ఒకటి జరిగింది. పెద్దాయనను చూసి తలవంచే అలవాటును అవి మన కళ్ళకు నేర్పాయి. ఆ కళ్ళతోనే షాషాను చదివాం. 1972లో ‘గాడ్‌ఫాదర్’ సినిమా వచ్చాక లోకమంతా పడిన రోగమే ఇది. కానీ మనకు రోగలక్షణాలు తెలిసి ఉండాలి, ఎందుకంటే మన ఊళ్ళలో శవాలు లేచాయి.

సాటి సిసిలీ రచయిత, షాషాకు మిత్రుడు అయిన కమిల్లేరికి డాన్ మరియానో మీద అభ్యంతరం ఉండేది. మాఫియావాణ్ణి నవలలో ముఖ్యపాత్ర చేస్తే వాణ్ణి వీరుణ్ణి చేసినట్టేనని అతను నమ్మాడు. 1994లో మొదలై పాతికేళ్ళు నడిచిన తన ఇన్‌స్పెక్టర్ మొంతల్బానో నవలల్లో మాఫియా కుటుంబాల్ని వెనక వరసలోనే నిలబెట్టాడు. మాఫియా ఆ ఊరి వాతావరణంలో ఉంటుంది, పీట ఎక్కదు. మా బృందంలో మొంతల్బానో నవలల మీద వచ్చిన ఫిర్యాదు కూడా ఇదే, డాన్ సరిగ్గా కనబడడం లేదని! కనబడకుండా చేయడమే ఆ రచయిత నిర్ణయం. షాషా పక్షాన ఒక మాట చెప్పాలి. డాన్ మరియానో పొగిడినప్పుడు బెల్లోది ఒక్క క్షణం చలించి తానూ అదే మర్యాద తిరిగి ఇస్తాడు, వెంటనే ఇబ్బంది పడతాడు. ఆ ఇబ్బంది కోసమే ఆ సన్నివేశం. పాఠకుడికి కూడా ఆ ఇబ్బంది కలగాలి. చలించడం దగ్గరే ఆగిపోతే సగం పేజీయే చదివినట్టు.

మూడో తీర్పు, నవల పూర్తికాలేదన్నది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌తో పెరిగిన తరం మాది. చివరి అధ్యాయంలో చిక్కుముడి విడిపోవాలి, దోషి చేతికి బేడీలు పడాలి. ఆ ఆనందాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ షాషా రాసింది వేరే ప్రశ్న. అతని నవలల్లో హంతకుడెవరో పాఠకుడికి తెలిసిపోతుంది. తెలిసినదాన్ని కోర్టులో నిలబెట్టలేకపోవడం ఎట్లా జరుగుతుందన్నదే అక్కడ రహస్యం. 1966లో వచ్చిన ‘టు ఈచ్ హిజ్ ఓన్’ చూడండి. మందుల షాపు యజమాని, డాక్టరు వేటకు పోయి హత్యకు గురవుతారు. బెదిరింపు ఉత్తరం వచ్చింది షాపు యజమానికి కాబట్టి అతని ఆడవాళ్ళ వ్యవహారమేదో కారణమని ఊరంతా తేల్చేస్తుంది. లౌరానా అనే స్కూలు మాస్టరు ఒక్కడే, అసలు గురి డాక్టరని కూపీ లాగుతాడు. చివరికి అతనే మాయమై పాడుబడిన గంధకం గనిలో శవమవుతాడు. ఆఖరి పేజీల్లో ఊరి పెద్దమనుషులు మాట్లాడుకుంటుంటే మనకు అర్థమవుతుంది, వాళ్ళందరికీ మొదటినుంచీ తెలుసు. ఆ మాస్టరుకే తెలియదు, అందుకే వాళ్ళ లెక్కలో అతనొక వెర్రివాడు. కడప జిల్లాలో, కర్నూలు జిల్లాలో ఏ ఊరి అరుగు మీద కూచున్నా ఇట్లాంటి సంగతులు ఒకటి రెండు వినపడతాయి. ఊరందరికీ తెలుసు, కోర్టుకు తెలియదు. ఈ ముగింపు పూర్తికానిదని ఎట్లా అనగలం?

ఈ అసంతృప్తి వెనక ఇంకో కోరిక దాగుంది. ఒక మిత్రుడు దాచుకోకుండా బయటపెట్టారు: బెల్లోది చేతకానివాడు, అక్కడ ఒక గట్టి ఆఫీసరుండి నలుగుర్ని ఎన్‌కౌంటర్ చేసుంటే కథ అప్పుడే ముగిసేదని. షాషా ఈ ప్రశ్నను ముందే ఊహించాడు. నవలలో బెల్లోదికి కూడా ఆ ఆలోచన వస్తుంది. ముస్సోలినీ కాలంలో, 1925 నుంచి 1929 దాకా పలెర్మోలో ప్రిఫెక్టుగా ఉన్న చేజరే మోరి చట్టాన్ని పక్కనపెట్టి ఊళ్ళను ముట్టడించాడు, జనాన్ని వేలల్లో పట్టుకుపోయాడు. అట్లాంటి కొన్ని నెలలు మళ్ళీ వస్తే బాగుండునా అని బెల్లోది అనుకుని, ఆ ఆలోచనను తోసేస్తాడు. ఫాసిజం మీద పోరాడి వచ్చినవాడు అతను. దాని బదులు అతనికి తోచిన దారి చాలా సాదాసీదాది: బ్యాంకుల్లోకి పోవాలి, ఖాతాలు చూడాలి, పన్ను లెక్కలు తీయాలి.

ఇది 1961 నాటి మాట. 1982 ఏప్రిల్ 30న ఎంపీ పియో లా తోర్రెను, సెప్టెంబరు 3న పలెర్మో ప్రిఫెక్టు జనరల్ దల్లా కియేజాను మాఫియా చంపింది. లా తోర్రె ప్రతిపాదించి వదిలిన చట్టం పది రోజుల్లో ఆమోదం పొందింది. మాఫియాలో ఉండడమే నేరమన్న సెక్షను, అక్రమ ఆస్తులను జప్తు చేసే అధికారం దాంతో వచ్చాయి. మేజిస్ట్రేటు జొవాన్ని ఫల్కోనె చెక్కుల వెంట, బ్యాంకు లావాదేవీల వెంట నడిచి కట్టిన కేసు 1986 ఫిబ్రవరిలో పలెర్మోలో విచారణకొచ్చింది. 470 మందికి పైగా ముద్దాయిలు. 1987 డిసెంబరులో మూడువందల మందికి పైగా శిక్షలు పడ్డాయి, 1992 జనవరిలో పై కోర్టు వాటిలో చాలావాటిని ఖాయం చేసింది. అదే ఏడాది మే 23న ఫల్కోనెను, జూలై 19న అతని తోటి మేజిస్ట్రేటు పావొలో బోర్సెల్లినోను చంపేశారు. ఒక నవల వల్ల ఇదంతా జరిగిందని నేననను. చేతకాని కెప్టెన్ అని మనం కొట్టిపారేసిన మనిషి చూపించిన దారి, చివరికి శిక్షలు వేయించిన దారుల్లో ఒకటి. షాషా మాట వేదం కూడా కాదు. 1987 జనవరిలో అతను మాఫియా వ్యతిరేకతను పదోన్నతులకు మెట్టుగా వాడుకుంటున్నారని రాస్తూ బోర్సెల్లినో పేరెత్తాడు. అది అన్యాయం. రచయిత తప్పు రాయవచ్చు, అతని నవల ఒప్పు చెప్పవచ్చు.

సీమ పరువు పోతుంది, ఈ విషయాలు ఎత్తకూడదు అన్నవాళ్ళకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. మొహమాటం లేని విమర్శకు పేరుపడ్డ రాచమల్లు రామచంద్రారెడ్డి ఈ జిల్లాలోనే ‘సంవేదన’ పత్రిక నడిపాడు. ఆ నేల మీద నిలబడి పరువు పేరుతో నోరు మూసుకోమంటే ఒప్పుకోలేను.

సీమ కథకులు కరువును అద్భుతంగా రాశారు. కేతు విశ్వనాథరెడ్డి కథల్లో, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవలల్లో ఈ నేల, ఈ రైతు నిండుగా ఉన్నారు. కక్షల మీదా రాశారు. కేసు మీద రాసింది తక్కువ. ఫిర్యాదు ఎవరు రాశారు, అందులోకి ఏ పేరు ఎప్పుడు చేరింది, సాక్షి మొదట ఏం చెప్పింది, రెండేళ్ళ తర్వాత ఏం చెప్పింది, ఆ మధ్యలో ఆమె ఇంటికి ఎవరెవరు వచ్చి పోయారు. మన నవల ఉన్నది అక్కడ. భయం ఉంటుంది, కాదనను. షాషాకూ ఉండింది. తన నవలను ఏడాదిపాటు కుదిస్తూ పోయానని, చట్టం చిక్కులకు జంకానని, కావలసినంత స్వేచ్ఛగా రాయలేకపోయానని పుస్తకం చివర అతనే ఒప్పుకున్నాడు. జంకుతూనే అచ్చువేశాడు. ఇటలీలో పెద్ద నాయకులు మాఫియా అనేదే లేదని చెబుతున్న రోజులవి.

2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి దేశమంతా అమలు చేయమంది. అంటే బోనెక్కి నోరు తెరిచే మనిషికి ఈ దేశంలో ఎంత ప్రమాదముందో అత్యున్నత న్యాయస్థానమే ఒప్పుకుంది. ఆ మనిషి మీద నవల రావాలి. మా బృందంలో అలాంటి సాక్షుల్ని క్రాస్ చేసిన వకీళ్ళు ఉన్నారు, వాళ్ళ వాంగ్మూలాలు రాసుకున్న పోలీసు అధికారులు ఉన్నారు, వాక్యం రాయడం తెలిసిన కథకులు ఉన్నారు. వచ్చే సమావేశానికి ముందు నికొలోసి భార్య మాట్లాడే పేజీలను ఇంకోసారి చదివి రండి. ఆ తర్వాత ఈ ముగ్గురూ ఒకచోట కూచోండి. ఆ నవలకు కావలసినవన్నీ కడపలోనే ఉన్నాయి. రాయండి.